డీజిల్ పికప్‌కి ముందు మీటరా, పవరా?

ట్యూనింగ్ బాక్స్ (పవర్ పెంచే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె) బిగించిన బండికి ఓబీడీ డాంగిల్ (బండి రీడింగులు ఫోన్‌కి పంపే ప్లగ్) పెట్టి, ఫోన్‌లో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి డీజిల్ పంచే పైపులోని ఒత్తిడి) చూసి "అంతా నార్మల్‌గానే ఉంది" అనుకునేవాళ్లు చాలామంది. ఆ అంకె నార్మల్‌గా కనిపించేలా చేయడమే ఆ బాక్స్ పని. అది రైల్ సెన్సర్‌కీ ఈసీయూకీ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) మధ్యలో కూర్చుని, ఉన్నదాని కంటే ప్రెషర్ తక్కువగా ఉన్నట్టు చెబుతుంది. ఈసీయూ నమ్మి ప్రెషర్ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది, బండి లాగుతుంది. యాప్‌కి చేరేది కూడా ఈసీయూకి చేరిన ఆ అబద్ధమే. అందుకే మీటరు ఒకరోజు, ట్యూనింగ్ ఇంకోరోజు అన్నట్టు దేనికది ఎంచుకుంటే డబ్బు దండగ. ఏ ట్యూనింగ్‌కి వెళ్తారో తేలితేనే ఏ మీటరు పనికొస్తుందో తేలుతుంది.

ఇక్కడ చెప్పేది మన రోడ్ల మీది కామన్ రైల్ (ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ వెళ్లే) పికప్‌ల గురించి: శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టయోటా హైలక్స్, లోడుకి తిరిగే బొలెరో పికప్, టాటా యోధా. పాత టాటా 207 లాంటి మెకానికల్ పంపు బళ్లకి ఇందులో సగం వర్తించదు. వాటికి డయాగ్నస్టిక్ సాకెట్టే ఉండదు. పంపు షాపులో డీజిల్ పెంచడమే వాటి ట్యూనింగ్, సైలెన్సర్ వైపు వేడి చూపించే గేజే వాటికి కాపలా.

డాంగిల్, స్కానర్, గేజ్

ముందు స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉందో లేదో చూడండి. దేశమంతా బీఎస్-4 కాలుష్య ప్రమాణం తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో. అంతకుముందు లోడు బళ్లు చాలా చోట్ల బీఎస్-3వే అమ్ముడయ్యాయి, కాబట్టి సాకెట్ ఉన్నంత మాత్రాన మామూలు యాప్ కనెక్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. ఎవరిదైనా డాంగిల్ ఒక్క పది నిమిషాలు అడిగి పెట్టి చూశాకే కొనండి.

ఐదొందల నుంచి వెయ్యి రూపాయల్లో దొరికే "ఈఎల్‌ఎం327" డాంగిల్ దాదాపు ఎప్పుడూ నకలే. నకలైనా ఫాల్ట్ కోడ్ చదవడానికి, కూలెంట్ వేడి, ఆర్‌పీఎం, బ్యాటరీ వోల్టేజ్ చూడటానికి చాలు. తేలిపోయేది రెండు చోట్ల. ఒకటి వేగం: పది రీడింగులు ఒకేసారి అడిగితే ఒక్కొక్కటీ సెకనుకి ఒకసారి కూడా మారదు, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెరిగి పడిపోయిన సంగతి మీకు తెలిసేలోపే అయిపోతుంది. రెండోది, కంపెనీ సొంత రీడింగులు. డీపీఎఫ్‌లో (పొగలోని మసి పట్టే ఫిల్టర్) ఎంత మసి ఉంది, ఇంజెక్టర్ల కరెక్షన్ ఎంత, టర్బోని ఈసీయూ ఎంత కోరుతోంది లాంటివి చాలా బళ్లలో కంపెనీ భాషలో పొడుగాటి మెసేజ్‌లుగా వస్తాయి. "వెర్షన్ 2.1" అని రాసి ఉన్న నకళ్లలో ఎక్కువ భాగం అక్కడే చేతులెత్తేస్తాయి. రెండు మూడు వేలు అదనంగా పెట్టి వీలింకర్ తరగతి డాంగిల్ కొంటే ఈ రెండు బాధలూ తీరతాయి. ఓబీడీలింక్ ఎంఎక్స్ ప్లస్ ఇంకా మంచిది, కానీ ఒక్క బండి ఉన్నవాళ్లకి ఆ ధర బరువే. యాప్‌ల్లో కార్ స్కానర్‌లో కంపెనీలవారీ ప్రొఫైల్స్ ఉంటాయి, మీ మోడల్ ఎంచుకుంటే పై రీడింగుల్లో కొన్ని పేర్లతో సహా కనిపిస్తాయి. టార్క్ ప్రోలో సొంతంగా ఫార్ములా రాసుకోవచ్చు, ఓపిక కావాలి.

ఏ డాంగిలైనా సరే, బండి ఆపాక పీకేయండి. 16వ పిన్నులో తాళం తీసినా కరెంట్ ఉంటుంది. వారం పది రోజులు కదలని బండిలో డాంగిల్ వదిలేస్తే సెల్ఫ్ తీసుకోకపోవడం మామూలే.

లాంచ్, ఆటెల్ లాంటి చేతి స్కానర్ల దారి వేరు. అవి చదవడమే కాదు, పని కూడా చేయిస్తాయి: టర్బో యాక్చుయేటర్‌ని (టర్బోని సర్దే భాగం) ఆడించి చూడటం, కొత్త ఇంజెక్టర్ కోడ్ ఎక్కించడం, బండి నిలబెట్టి డీపీఎఫ్‌లోని మసి కాల్చడం. మూడు నాలుగు బళ్లు తిప్పేవాళ్లకి, సొంత షెడ్డు ఉన్నవాళ్లకి గిట్టుబాటు. ఒక్క బండికి కొంటే ఏడాదికి రెండుసార్లు బయటికి తీస్తారు. ఆ రెండుసార్లూ మెకానిక్ దగ్గరికి వెళ్లడమే చవక.

ఇక గేజ్‌లు. ఈసీయూతో సంబంధం లేకుండా సొంత సెన్సర్‌తో పనిచేసేవి ఇవే. బూస్ట్, ఈజీటీ రెండూ అవసరమే అయినా, ఒక్కదానికే డబ్బులుంటే ఈజీటీ కొనండి. ఈజీటీ అంటే సిలిండర్ నుంచి బయటికొచ్చే పొగ వేడి. డీజిల్ ఎక్కువై గాలి చాలకపోతే ముందు పెరిగేది ఇదే. కూలెంట్ ముల్లు కదలడానికి నిమిషాలు పడుతుంది, ఈజీటీ కొన్ని సెకన్లలో రెండు మూడు వందల డిగ్రీలు ఎగబాకుతుంది. పిస్టన్ తల కాలిపోయిన బళ్లలో కూలెంట్ ముల్లు చివరిదాకా మధ్యలోనే ఉండటం వింతేమీ కాదు.

ప్రోబ్ బిగించే చోటే పనితనం తెలిసేది. నాలుగు సిలిండర్ల పొగ కలిసే చోట, టర్బో ఫ్లాంజ్‌కి ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో రంధ్రం వేయాలి. మామూలు కిట్‌లో వచ్చే ఒకటి బై ఎనిమిది ఎన్‌పీటీ (పైపు మర కొలత) మరకి ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల బిట్ సరిపోతుంది. పోత ఇనుము కాబట్టి రజను పొడిలా రాలుతుంది. మానిఫోల్డ్ దించి వేస్తే ఏ గొడవా లేదు. దించకుండా వేస్తే బిట్‌కి, మర కోసే ట్యాప్‌కి గ్రీజు దట్టంగా పూసి, రెండు మూడు మరలకోసారి బయటికి తీసి తుడిచి, చివర్లో సన్నని అయస్కాంతం లోపలికి పంపి రజను లాగాలి. ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచితే పొగే బయటికి ఊదేస్తుందని కొందరు మెకానిక్‌లు అంటారు. కొంత ఊదుతుంది, కానీ లోపలికి పడిన ముక్కకి దారి టర్బైన్ రెక్కల మీదుగానే. ప్రోబ్ కొన పైపు మధ్యలో ఉండాలి, గోడకి తగిలితే తక్కువ చూపిస్తుంది. మరకి యాంటీ సీజ్ పేస్ట్ పూయకపోతే రెండేళ్ల తర్వాత ప్రోబ్ విరిగే వస్తుంది.

మానిఫోల్డ్ ముట్టుకోవడం ఇష్టం లేక టర్బో తర్వాత డౌన్‌పైపులో బిగించేవాళ్లూ ఉన్నారు. లోడు మీద అక్కడ వంద నుంచి నూట యాభై డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, ఆ తేడా కూడా ఒకేలా ఉండదు. దానితో బతకొచ్చు గానీ, హద్దుని ఆ మేరకు దించి పెట్టుకోవాలి.

టర్బోకి ముందు కొలిస్తే ఆగకుండా లాగేటప్పుడు 650 డిగ్రీల లోపు నిశ్చింత. 700 దగ్గర కొన్ని సెకన్లు పర్వాలేదు, అక్కడే నిలబడితే కాలు తీయాలి. అమెరికా వీడియోల్లో చెప్పే 1250 ఫారన్‌హీట్ అంటే మన 677 డిగ్రీలు. అల్యూమినియం 660కే కరుగుతుంది కదా అని కొందరు కంగారు పడతారు. పిస్టన్‌కి మంట నిరంతరం తగలదు, కింది నుంచి ఆయిల్ చల్లబరుస్తూ ఉంటుంది, కాబట్టి 660 దాటగానే ఏమీ కాదు. చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్ లాంటి చోట పది నిమిషాలు అలాగే తొక్కిపడితే అవుతుంది. బంగారుపాళెం నుంచి బెంగళూరు వైపు మామిడి లోడుతో ఎక్కే బండి నాలుగో గేర్‌లో 1400 ఆర్‌పీఎం దగ్గర ఈడ్చుకుంటూ వెళ్తే ఈజీటీ ముల్లు పైకే పోతుంది. మూడుకి దింపి 2200 దగ్గర ఉంచితే టర్బో గాలి పెరిగి అర నిమిషంలో ముల్లు దిగడం కంటితో చూడొచ్చు. గేజ్ కొన్న డబ్బులు అక్కడే వచ్చేస్తాయి.

బీఎస్-6 బండి అయితే ఇంకో వెసులుబాటు ఉంది. డీపీఎఫ్ కోసం కంపెనీయే ఎగ్జాస్ట్‌లో వేడి సెన్సర్లు పెడుతుంది, మంచి డాంగిల్‌తో అవి చదవొచ్చు. ట్యూనింగ్ బాక్స్‌లు సాధారణంగా వీటి జోలికి వెళ్లవు కాబట్టి ఇక్కడ కనిపించేది నిజమే. కానీ అవి ఎక్కువగా టర్బో తర్వాతే ఉంటాయి. డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు ఆ పక్క సెన్సర్ 600 డిగ్రీలు చూపించడం సహజం. దాన్ని లోడు వేడి అనుకుని బండి ఆపేస్తే మసి సగంలో మిగిలిపోతుంది.

పవర్ కొనేముందు ఒక్క లాగ్

ట్యూనింగ్ షాపు మెట్లెక్కే చాలా బళ్లకి కావాల్సింది ట్యూనింగ్ కాదు, పోయిన పుల్లింగ్. ఆ తేడా తేల్చడానికి ఒక్క లాగ్ (బండి నడుస్తుండగా యాప్ రాసిపెట్టే రీడింగులు) చాలు. ఇంజన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, మూడో గేర్‌లో 1500 ఆర్‌పీఎం నుంచి కాలు పూర్తిగా నొక్కి 3500 దాకా. యాప్‌లో ఆరుకి మించి రీడింగులు పెట్టకండి: ఆర్‌పీఎం, స్పీడ్, మానిఫోల్డ్ ప్రెషర్, ఈసీయూ కోరిన బూస్ట్, రైల్ ప్రెషర్, ఇన్‌టేక్ గాలి వేడి. బండి నడిపేది ఒకరు, ఫోన్ చూసేది ఇంకొకరు.

మానిఫోల్డ్ ప్రెషర్‌లో బయటి గాలి ప్రెషర్ కూడా కలిసి ఉంటుంది. విజయవాడలో దాదాపు వంద, హైదరాబాద్ ఎత్తులో సుమారు 95 కిలోపాస్కల్ తీసేస్తే మిగిలేదే అసలు బూస్ట్. 220 కనిపిస్తే హైదరాబాద్‌లో అది 125, అంటే ఒకటింపావు బార్, గేజ్ లెక్కలో 18 పీఎస్‌ఐ.

ఈసీయూ 220 కోరితే వచ్చింది 175 దగ్గరే ఆగి, వెనక నల్ల పొగ వస్తోందంటే ముందు ఇంటర్‌కూలర్ పైపులు చూడండి. పైకి బాగానే ఉన్న రబ్బర్ హోస్ కింది వైపు చీలి ఉంటుంది. అక్కడ దుమ్ముతో కలిసిన ఆయిల్ తడి ఉంటే దొరికినట్టే. క్లిప్పు జారడం కూడా అంతే మామూలు. హోస్‌లు బాగుంటే యాక్చుయేటర్ వాక్యూమ్ పైపులు, ఆ తర్వాతే టర్బో లోపలి వేన్‌లు (పొగ దారిని సర్దే కదిలే రెక్కలు). పీ0299 (బూస్ట్ తక్కువ) కోడ్ వచ్చిందని నేరుగా టర్బో మార్చేయించుకున్న బళ్లలో చివరికి వంద రూపాయల క్లిప్పు తేలిన సందర్భాలు ప్రతి గ్యారేజీలోనూ వినిపిస్తాయి. తిరగబడి, కోరిన దానికంటే ఎక్కువ వచ్చి పీ0234తో బండి పవర్ తగ్గించేసుకుంటే, వేన్‌లు మసితో మూసుకున్న వైపు బిగిశాయని అనుమానించాలి. ఎప్పుడూ నెమ్మదిగా, ఊళ్లోనే తిరిగే బళ్లకి ఇది ఎక్కువ.

రైల్ ప్రెషర్ స్లోలో (కాలు పెట్టకుండా ఇంజన్ తిరిగేటప్పుడు) చాలా ఇంజన్లకి 250 నుంచి 350 బార్ మధ్య ఉంటుంది, పూర్తి లోడు మీద 1600 దాటుతుంది. స్లోలో బాగుండి, తొక్కితే కోరిన దానికి అందకపోతే ముందు డీజిల్ ఫిల్టర్ మార్చండి, సెడిమెంటర్‌లో (డీజిల్‌లోని నీళ్లు పట్టే గిన్నె) నీళ్లు వదలండి. ఆ తర్వాత ట్యాంకు నుంచి పంపు దాకా పైపుల్లో గాలి పడుతోందేమో చూడండి. అప్పటికీ రాకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్: నాలుగు రిటర్న్ పైపులు నాలుగు సీసాల్లో పెట్టి స్లోలో రెండు నిమిషాలు నడిపితే, ఏ సీసా మిగతావాటి కంటే బాగా నిండిందో ఆ ఇంజెక్టర్ ప్రెషర్ వదిలేస్తోంది. ఇలాంటి ఇంజన్‌కి బాక్స్ పెడితే ఇప్పటికే అరిగిన ఇంజెక్టర్‌ని ఇంకా ఎక్కువ ప్రెషర్‌తో నడిపించినట్టే.

పవర్ ఎక్కడ కొనాలి

పెడల్ బాక్స్ పవర్ పెంచదు. సగం నొక్కితే ముప్పావు నొక్కినట్టు ఈసీయూకి చెబుతుంది, అంతే. కాలికి హుషారుగా ఉంటుంది, పూర్తిగా నొక్కితే ముందున్నదే. ఇంజన్‌కి ప్రమాదం లేదు, మీటరు అక్కర్లేదు. మైలేజ్ పెరుగుతుందని అమ్మేవాళ్ల మాట వదిలేయండి.

ట్యూనింగ్ బాక్స్‌లో రకాలున్నాయి. రైల్ సెన్సర్ ఒక్కదానికే తగిలించే చవక బాక్స్ డీజిల్ పెంచుతుంది, గాలి పెంచదు. పొగ, ఈజీటీ రెండూ ఎక్కుతాయి. రేస్‌చిప్ లాంటి మంచి కంపెనీలవి మోడల్‌ని బట్టి బూస్ట్ సెన్సర్‌కి కూడా తగిలి గాలినీ పెంచుతాయి, బండిబండికీ వేరే మ్యాప్ (లెక్కల పట్టిక) ఉంటుంది. ఇక్కడ పైన చెప్పిన చిక్కు గుర్తుంచుకోవాలి: ఆ బాక్స్ ఏ సెన్సర్‌కి తగిలిందో, యాప్‌లో ఆ అంకె ఇక నమ్మకూడదు. బాక్స్ పెట్టేవాళ్లకి సొంత ప్రోబ్ ఉన్న ఈజీటీ గేజ్, వీలైతే సొంత బూస్ట్ గేజ్ తప్పనిసరి ఖర్చులో భాగం. ఆ ఖర్చు కలిపితే బాక్స్ ధర రీమ్యాప్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్‌నే మార్చడం) దగ్గరికి వచ్చేస్తుంది, బాక్స్ మీద మోజు చాలామందికి అక్కడే తగ్గుతుంది. తీసేస్తే గుర్తే ఉండదనే మాట కూడా సగమే నిజం. ఫాల్ట్ కోడ్ పడితే ఆ క్షణంలోని రీడింగులు ఈసీయూలో నమోదై ఉంటాయి.

రీమ్యాప్‌లో ఈసీయూకి అబద్ధం చెప్పడం ఉండదు, దాని లెక్కలే మారుస్తారు. సెన్సర్లు నిజం చెబుతాయి, కాబట్టి మంచి డాంగిల్‌తోనే చాలావరకు కాపలా కాయొచ్చు. గాలికి తగ్గట్టే డీజిల్ పడేలా స్మోక్ లిమిటర్, గేర్‌బాక్స్‌ని కాపాడే టార్క్ లిమిటర్ ఇందులో సరిగ్గా పెట్టొచ్చు. పెట్టకుండా తీసిపారేసేవాళ్లూ ఉన్నారు, అందుకే మనిషిని చూసి చేయించుకోవాలి. ఖర్చు పాతిక వేల పైమాటే.

ఎంత పెంచాలన్న దానికి కంపెనీయే ఒక జవాబు ఇచ్చింది. హైలక్స్‌లో 2.8 లీటర్ల ఇంజన్ ఒకటే, ఆటోమేటిక్‌కి 500 న్యూటన్ మీటర్లు, మాన్యువల్‌కి 420. ఇంజన్ ఇవ్వగలిగినా గేర్‌బాక్స్ చూసి 80 తగ్గించారు. మాన్యువల్ బండిలో రీమ్యాప్‌తో ఆ 500 అందుకుంటే ముందు బలయ్యేది క్లచ్. 2.5 లీటర్ల పాత వీ-క్రాస్ 320 న్యూటన్ మీటర్లతో వచ్చింది. దానికి పదిహేను శాతం, అంటే 368 దాకా, బండి బాగుంటే ఇబ్బంది లేని పెంపు. ఇరవై ఐదు శాతం అడిగితే కొత్త క్లచ్ ప్లేటుకి కూడా డబ్బు పక్కన పెట్టుకోండి. 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల 1.9 లీటర్ల వీ-క్రాస్ ఇంజన్‌కి అంత కూడా వద్దనేది మా అభిప్రాయం. చిన్న ఇంజన్ నుంచి కంపెనీ ఇప్పటికే బాగానే పిండింది. క్లచ్ జారడం కూడా లాగ్‌లోనే తెలుస్తుంది: అదే గేర్‌లో ఆర్‌పీఎంని స్పీడ్‌తో భాగిస్తే వచ్చే అంకె మారకూడదు. 2000 దగ్గర మారితే ప్లేటు జారుతోంది, వాసన రావడానికి ఇంకా టైముంది.

బొలెరో పికప్ లాంటి లోడు బండికి ట్యూనింగ్ వద్దే వద్దు. 2.5 లీటర్ల ఇంజన్ నుంచి దాదాపు 75 హార్స్‌పవరే తీశారంటే అది పరిమితికి మించిన లోడుతో రోజూ నలిగినా నిలవాలని. ఇరవై శాతం పెంచితే డ్రైవర్ ఇరవై శాతం ఎక్కువ లోడు వేస్తాడు, కూలింగ్ మాత్రం అంతే ఉంటుంది. ఆ డబ్బుతో రేడియేటర్ రాడింగ్ (లోపలి గొట్టాల శుభ్రం) చేయించి, ఇంటర్‌కూలర్ హోస్‌లు, ఎయిర్ ఫిల్టర్ మార్చి, చవక డాంగిల్‌తో కూలెంట్ 105 దాటితే మోగే అలారం పెట్టుకుంటే పోయిన పుల్లింగ్‌లో చాలావరకు తిరిగొస్తుంది.

బీఎస్-6 యజమానులు ఇంకొకటి చూడాలి. ట్యూన్ చేశాక డీపీఎఫ్ ఎన్ని కిలోమీటర్లకోసారి కాలుతోందో రాసుకోండి. ముందు నాలుగు వందలకోసారి కాలేది నూట యాభైకే వస్తుంటే మ్యాప్ పొగ ఎక్కువ పుట్టిస్తోందని అర్థం. కాలడానికి ఇంజెక్టర్లు అదనంగా కొట్టే డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్‌లో ఆయిల్ పెరుగుతూ పోవడం శుభవార్త కాదు, పై గీత దాటితే వెంటనే మార్చాలి. డీపీఎఫ్ పీకేసి ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్) మూసేయమని సలహా ఇచ్చే షాపు నుంచి అటే బయటికి వచ్చేయండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ గొడవలు దానికి అదనం.

రీమ్యాప్‌కే సిద్ధపడితే డబ్బు కట్టేముందు నాలుగు అడగండి. ఫైల్ మీ బండి ఈసీయూ నుంచి చదివిందేనా, ఎవరో పంపిన రెడీమేడా? ట్యూన్‌కి ముందూ తర్వాతా డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద, లేదా కనీసం పైన చెప్పిన మూడో గేర్ లాగ్ మీద తేడా చూపిస్తారా? నచ్చకపోతే స్టాక్‌కి మార్చడం ఉచితమా? ఒరిజినల్ ఫైల్ కాపీ మీ చేతికి ఇస్తారా? ఆ చివరిది పెన్‌డ్రైవ్‌లో తీసుకుని బండి ఛాసిస్ నంబరు రాసి దాచుకోండి. సర్వీస్ సెంటర్‌లో ఈసీయూ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే కొన్న మ్యాప్ చెరిగిపోతుంది కాబట్టి, బండి సర్వీసుకి ఇచ్చేటప్పుడు మీకు చెప్పకుండా అప్‌డేట్ చేయొద్దని జాబ్ కార్డు మీద రాయించండి.